మాస్టారి పుస్తకంలో లేని పేరు

తంతి మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన నెలకి, ఆయన భార్య, సంఘంలో అందరూ అలా పిలిచే ఫ్రిజ్‌ల మెకానిక్ ఫ్రిజ్ బ్రదర్‌ని ఇంటికి పిలిపించి, నీలం అట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. ఆవిడకి వినికిడి తక్కువ. అందువల్ల ఎదుటివాళ్లకి కూడా తక్కువేననుకుని గట్టిగా మాట్లాడుతుంది.

"ఇది నీకే ఇమ్మన్నారు నాయనా! రోజూ పొద్దున్నే చెయ్యమన్నారు! మానొద్దన్నారు!"

అది మాస్టారి ప్రార్థన పుస్తకం. ఎవరెవరి కోసం ఏమేం అడగాలో వరసగా రాసుకున్నది. ముప్పై ఏళ్లు తంతి ఆఫీసులో మాటలు లెక్కపెట్టి పంపిన మనిషి కనక, దేవుడికి పంపే మాటలు కూడా ఆయన పొదుపుగానే రాసుకున్నారు. మనిషికి ఒక గీత, గీతకి రెండు మూడు మాటలు. 'బేకరీ: కోపం.' 'నర్సమ్మ: నిద్ర.' 'బస్సు డ్రైవరు: పెద్దవాడి చదువు.' పుస్తకం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే పరువు పోకూడదని పేర్లు మాత్రం రాసేవారు కాదు. "మిగతాది ఆయనకి తెలుసులే" అనేవారు, గడ్డం పైకెత్తి.

ఫ్రిజ్ బ్రదర్ కళ్లు తుడుచుకుని, పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఇంటికొచ్చాడు. వచ్చి ఏం చేశాడంటారు? మోకరించాడనుకుంటున్నారేమో. అదేం లేదు. గుంపుగా తీసిన ఫొటో చేతికొస్తే మనమందరం ముందు ఎవరి మొహం వెతుక్కుంటామో, అతనూ ఆ పనే చేశాడు. 'ఫ్రిజ్' అనే మాట కోసం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి వెతికాడు. రెండు వందల పద్నాలుగు గీతలు. లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికాడు. 'మెకానిక్' అని రాశారేమోనని చూశాడు. ఉంది! పోయిన ప్రాణం లేచొచ్చింది. పక్కన చూస్తే 'తాగుడు' అని ఉంది. అతను జీవితంలో చుక్క ముట్టి ఎరగడు. అది వెనక వీధిలో స్కూటర్లు బాగుచేసేవాడి గీత.

అందరూ ఉన్నారు. పాలవాడున్నాడు, వాటాలో అద్దెకున్నవాళ్లున్నారు, పళ్ల డాక్టరున్నాడు. మాస్టారి గొడుగు ఎత్తుకుపోయినవాడున్నాడు, 'గొడుగు మనిషి: మంచి బుద్ధి' అని. ఆఖరికి తన భార్య కూడా ఉంది. ఆవిడ ఇంట్లో పిల్లలకి ట్యూషన్ చెప్తుంది. 'ట్యూషన్ టీచరమ్మ: ఓర్పు' అని రాసి ఉంది. ఆ ఓర్పు ఎవరి మూలంగా కావలసి వచ్చిందో ఊహించడం అంత కష్టం కాదు. కానీ ఆ మూలపురుషుడికి మాత్రం పుస్తకంలో చోటు లేదు.

ఈ దెబ్బ అతనికి ఎక్కడ తగిలిందో తెలియాలంటే పదిహేడేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో ఇతను ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో కొత్త, అబద్ధాల్లో పాత. ఏ ఫ్రిజ్ వెనక్కి వెళ్లి చూసినా "కంప్రెసర్ పోయిందండీ" అని తల ఆడించేవాడు. మాస్టారి ఫ్రిజ్ దగ్గరా అలాగే ఆడించాడు. మాస్టారు కోప్పడలేదు, బేరం ఆడలేదు. ముక్కాలి పీట తెచ్చి పక్కన వేసుకుని కూర్చున్నారు.

"అయ్యో, పోయిందా? ఎలా పోయిందో చూపించు బాబూ. నేనెప్పుడూ చూడలేదు. నేర్చుకుంటాను."

ఆ మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే నేర్చుకోవాలని కూర్చున్నారు. ఇతను ఒక్కో స్క్రూ విప్పాడు, ఒక్కో గొట్టం చూపించాడు, పోనిదాన్ని పోయినట్టు చూపించలేక తల ప్రాణం తోకకొచ్చింది. అరగంట తర్వాత, చొక్కా మొత్తం తడిసిపోయాక, "వైరు ఊడిందండీ. అంతే" అని ఒప్పేసుకున్నాడు. మాస్టారు "ఓహో, వైరా" అన్నారు. కాఫీ ఇచ్చారు. మంగళవారం పొద్దున ఐదున్నరకి వస్తే ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోవచ్చన్నారు. ఎందుకు వెళ్లాడో అతనికే తెలియదు, వెళ్లాడు. పదిహేడేళ్లు ఒక్క మంగళవారం మానలేదు. వాక్యం చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. భార్య అలిగి పుట్టింటికి వెళ్లినప్పుడు ఎలా బతిమాలుకోవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అబద్ధం మానేశాడు. తండ్రి చిన్నప్పుడే పోయిన మనిషి, తండ్రి అంటే ఎలా ఉంటాడో ఆ ఇంటి వంటగదిలోనే తెలుసుకున్నాడు.

అలాంటి మాస్టారు ఒక్కరోజైనా తన పేరెత్తి దేవుణ్ని ఒక్క మాట అడిగారా, లేదా? పుస్తకం చూస్తే లేదనే చెబుతోంది. పోనీ ఎవర్నైనా అడుగుదామా అంటే ఏమని అడుగుతాడు? లోపల ఏడుస్తూనే, మర్నాడు పొద్దున ఐదింటికి లేచి మొదటి గీతతో మొదలుపెట్టాడు.

రెండు వందల పద్నాలుగు గీతలకి గంటా పది నిమిషాలు పట్టేది. నూట యాభై దాటేసరికి కళ్లు మూతలు పడేవి. బేకరీకి నిద్ర ఇమ్మనీ, నర్సమ్మ కోపం తగ్గించమనీ అడిగిన రోజులున్నాయి. మధ్యలో స్టవ్ మీద పాలు పొంగిపోయేవి. చూసి చూసి ఒకరోజు భార్య గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, దేవుణ్ని రోజూ లేపుతున్నారు, సంతోషం. పిల్లల్ని కూడా లేపండి. వాళ్లకి బడి ఉంది."

"డెబ్బై రెండులో ఉన్నానే. మధ్యలో ఆపకూడదు."

"నా నంబరెంత?"

"నూట ముప్పై ఎనిమిది."

"అందుకే ఇంకా రాలేదన్నమాట నాకు ఓర్పు" అని ఆవిడ గిన్నె తోముకోవడానికి వెళ్లిపోయింది. తన గీత ఆవిడ మొదటి రోజే చూసుకుంది. మొగుడి గీత ఏమని ఉందో చూడాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు, అది అతని అదృష్టం.

ఇలా పదినెలలు లాగి, ఇక లాభం లేదనుకుని మాస్టారి భార్య దగ్గరికి వెళ్లాడు. ఈ గీతలు ఎప్పటికైనా తగ్గుతాయా అని అడిగాడు. రెండుసార్లు అడిగాక ఆవిడకి వినబడింది.

"తగ్గకేం! ఆయన అడిగి కొట్టేసేవారు నాయనా! ఏడాదికోసారి ఒక్కొక్కరినీ కలుసుకుని, ఇంకా అడగాలా, చాలా అని కనుక్కునేవారు! చాలంటే కొట్టేసేవారు!"

మాస్టారు ఆ పని ఎలా చేసేవారంటే, సాయంత్రం నడకలో ఆ మనిషి పక్కన చేరి, వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడుతూ మాట్లాడుతూ, చెవి దగ్గర చిన్నగా అడిగేవారు. పక్కనున్న చెట్టుకి కూడా వినబడేది కాదు. మన ఫ్రిజ్ బ్రదర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా తలకెక్కేది కాదేమో. అతనికి తెలిసింది సర్వీసింగ్. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, చెవి వెనక పెన్సిల్ దోపుకుని, ఇంటింటికీ బయల్దేరాడు. మోటార్ల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి అతని గొంతు మామూలుగానే వీధి చివరికి వినబడుతుంది.

మొదట బేకరీ. సాయంత్రం వేళ, కొట్టు నిండా జనం. బేకరీ అన్న కేకు మీద క్రీముతో పువ్వు వేస్తున్నాడు. ఇతను జనం వెనక నుంచే కేకేశాడు.

"అన్నా! కోపం తగ్గిందా?"

"ఎవరికి?"

"నీకే అన్నా! మాస్టారి పుస్తకంలో ఉంది. తగ్గితే కొట్టేస్తా, తగ్గకపోతే కొనసాగిస్తా."

క్రీము పువ్వు కాస్తా ముద్దగా తయారైంది. కొనడానికి వచ్చినవాళ్లు నవ్వు దాచుకోలేక బన్నుల వైపు తిరిగారు. బేకరీ అన్న అగ్గి మీద గుగ్గిలమై, "నాకు కోపమని ఎవడన్నాడు? బయటికి నడు! నడవ్వయ్యా ముందు!" అని అరిచాడు. ఇతను బుద్ధిగా పుస్తకం తెరిచి, 'కొనసాగించాలి' అని పెన్సిల్‌తో రాసుకుని బయటికి నడిచాడు.

ఇంగితమున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. ఇతను దర్జీ అక్క ఇంటికి వెళ్లాడు. పుస్తకంలో 'దర్జీ అక్క: అత్తగారు' అని ఉంది. తీరా వెళ్తే అక్క దారం ఉండలు కొనడానికి బజారుకి వెళ్లింది. ముందు గదిలో కుట్టుమిషను పక్కన అత్తగారే కూర్చుని, కత్తెరతో అంచులు కత్తిరిస్తోంది. ఇంకెవరైనా అయితే మళ్లీ వస్తానని తిరిగి వెళ్లేవాళ్లు. అసలు మనిషే ఎదురుగా ఉండగా తిరిగి వెళ్లడమెందుకని ఇతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ సంగతేనమ్మా. మాస్టారు మీ గురించి ఏళ్ల తరబడి ప్రార్థన చేశారు. ఇప్పుడు నేను చేస్తున్నా. ఇంకా చెయ్యాలా, చాలా?"

ముసలావిడ పొంగిపోయింది. "నా గురించే? అన్నేళ్లే? నా మోకాళ్ల కోసమా నాయనా?"

"మోకాళ్లని రాయలేదమ్మా."

"మరి ఏమని రాశారు?"

"అత్తగారు అని."

"అదే, అత్తగారికి ఏం కావాలని?"

అప్పుడు వెలిగింది ఇతనికి, తానెక్కడ కాలు పెట్టాడో. "కావాలనేం రాయలేదమ్మా. అత్తగారు అనే రాశారు. అంటే… అదే బాధన్నమాట."

గదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పుస్తకం వైపు వేలు చూపించింది.

"కింద ఖాళీ ఉందా?"

"ఉందమ్మా."

"అయితే రాసుకో. 'అత్తగారు: కోడలు.' రాశావా? పెన్సిల్‌తో కాదు, సిరాతో రాయి."

అతను సిరాతో రాస్తూ ఉండగా కోడలు దారం ఉండలతో లోపలికి వచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన సంభాషణ నాలుగిళ్ల అవతలికి స్పష్టంగా వినబడిందని చెబుతారు. ఇతను మాత్రం నాలుగో ఇంటిని దాటేసి అప్పటికే చాలాసేపయింది.

రెండు వారాలు గడిచేసరికి సంఘం మొత్తం అట్టుడికినట్టు ఉడికిపోయింది. పుస్తకంలో ఎవరి గురించి ఏముందో అనే మాట తప్ప ఇంకో మాట లేదు. జనం ఫ్రిజ్ బ్రదర్ కొట్టుకి రావడం మొదలుపెట్టారు. ఒకరు బాగానే ఉన్న మిక్సీ తెచ్చారు, ఇంకొకరు మూత తెచ్చి గిన్నె మర్చిపోయానన్నారు. అందరూ కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "నా పక్కన ఏం రాశారు?" చూపిస్తే, "అంతేనా? ఇంకో రెండు మాటలు కలుపు" అనేవాళ్లు. గీతలు తగ్గించడానికి బయల్దేరిన మనిషి పుస్తకంలో చివరికి రెండు వందల ముప్పై ఒకటి తేలాయి. ఆ మాట భార్యకి చెప్పడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

కోపం చల్లారిన బేకరీ అన్న కూడా ఒకరోజు వచ్చాడు. కొట్లో అప్పటికే ఐదారుగురున్నారు. విప్పేసిన వాషింగ్ మెషిన్ చుట్టూ నిలబడి ఎవరి గీత వాళ్లు చూసుకుంటున్నారు. అన్న తన 'కోపం' మీద వేలు పెట్టి చూసుకుని, నిట్టూర్చి, ఉన్నట్టుండి అడిగాడు.

"అది సరే గాని, నీ పక్కన ఏం రాశారు?"

అందరూ తలలెత్తారు. ఫ్రిజ్ బ్రదర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. పదిహేడేళ్లుగా మాస్టారి పక్కన కూర్చున్న తాను, మాస్టారి మనిషినని ఇంటింటికీ తిరిగిన తాను, గొడుగు దొంగపాటి కూడా కాలేదని వీళ్లందరి ముందూ ఎలా చెప్పడం?

"ఉందిలే అన్నా. అది నాకూ మాస్టారికీ మధ్య విషయం" అన్నాడు.

"అబ్బో! పెద్దదే ఉండుంటుంది" అని బేకరీ అన్న మెచ్చుకోలుగా చూశాడు. పదిహేడేళ్ల తర్వాత ఆడిన మొదటి అబద్ధం. తిరిగి వాషింగ్ మెషిన్ మీదకి వంగితే ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడే అయ్యగారు కొట్లోకి అడుగుపెట్టారు. సంఘ కాపరిగా ఈ గొడవ ఆయన చెవిన పడి వారమైంది. చివరి మాటలు గుమ్మంలోంచి విన్నారు.

"బ్రదర్, మంద రహస్యాలు కాపరి దగ్గర ఉండాలి గాని ఇలా కొట్లో ఉండకూడదు. ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

ఇవ్వక తప్పలేదు. అయ్యగారు గంభీరంగా పేజీలు తిప్పారు. నలభయ్యో పేజీ దగ్గర వేలు ఆగింది. అక్కడేముందో ఫ్రిజ్ బ్రదర్‌కి కంఠతా వచ్చు: 'అయ్యగారు: ప్రసంగం నిడివి.' ఆ ఒక్క ఇంటికి మాత్రం అతను కనుక్కోవడానికి వెళ్లలేదు. అంతమాత్రం ఇంగితం అతనికీ ఉంది.

"ఎన్నాళ్లుగా?" అన్నారు అయ్యగారు.

"తెలియదండీ. సిరా మాత్రం బాగా వెలిసిపోయింది."

అయ్యగారు పుస్తకం మెల్లగా మూసి తిరిగి ఇచ్చేశారు. "నీ దగ్గరే ఉండనీ" అన్నారు. గొంతు సవరించుకుని, మాట మార్చారు. "వచ్చే ఆదివారం మాస్టారు పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాం. సాక్ష్యం నువ్వే చెప్పాలి. ఇప్పుడన్నావే, ఆ గీత, నీకూ మాస్టారికీ మధ్య విషయం. దాని గురించే చెప్పు. సంఘానికి మేలవుతుంది."

"తప్పకుండా చెప్పాలి!" అంది కొట్టంతా.

ఆ వారం అతను తిన్నది ఒంటికి పట్టలేదు. లేదని చెబితే అబద్ధం బయటపడుతుంది, అంతకన్నా మాస్టారు తనని లెక్కలో పెట్టుకోలేదన్న నిజం బయటపడుతుంది. ఉందని చెబితే, తన చేత అబద్ధం మాన్పించిన మనిషి జ్ఞాపకార్థం మైకు పట్టుకుని అబద్ధం చెప్పినట్టవుతుంది. శనివారం మధ్యాహ్నం భార్య ట్యూషన్ పిల్లలకి ఎక్కాలు చెప్తుంటే, ఇతను లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసుకుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండో పేజీ అడుగున ఒక గీతకి సరిపడా ఖాళీ ఉంది. మాస్టారి చేతిరాత అతనికి బాగా తెలుసు. సిరాలో రెండు చుక్కలు నీళ్లు కలిపితే పాతబడినట్టు కూడా ఉంటుంది. 'ఫ్రిజ్' అని రాయడమైతే మనసులో రాసేసుకున్నాడు. పక్కన ఏం రాయాలో తెలియలేదు. వినయం అని రాద్దామా అంటే అప్పుడది గొప్పలు పోయినట్టుంటుంది. కోపం బేకరీ వాళ్లది, ఓర్పు ఇంట్లోవాళ్లది. తనకున్న లోపాల్లో మాస్టారు ఏది ఎంచుకుని ఉండేవారా అని ఆలోచిస్తూ, చాలానే ఉన్నాయని తేలాక, ఇంకా దిగులేసింది.

తలుపు తెరుచుకుంది. భార్య ఒక చూపులో పుస్తకాన్నీ, సిరాబుడ్డినీ, నీళ్ల గిన్నెనీ, మొగుడి మొహాన్నీ చూసింది.

"ఏం చేస్తున్నారు?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆవిడ గిన్నె తీసి పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. పక్క గదిలో పిల్లలు ఏడో ఎక్కం తప్పులతో సహా వల్లిస్తున్నారు.

"లేకపోతే లేదని చెప్పండి. ఆకాశం ఊడిపడుతుందా?" అంది ఆవిడ.

"పడుతుందే."

"పడనివ్వండి. ఆయన పక్కన పదిహేడేళ్లు కూర్చుని, ఆయన చేతిరాతే దొంగతనం చేస్తారా? సిరాబుడ్డి ఇలా ఇవ్వండి." బుడ్డి తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "రేపు నేను ముందు వరసలోనే కూర్చుంటాను. భయమేస్తే నా వైపు చూడండి" అని చెప్పి, ఏడో ఎక్కం సరిచెయ్యడానికి వెళ్లింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక పక్క గదిలోంచి బెంచీలు తెచ్చారు. మాస్టారి భార్య ముందు వరసలో, కూతురి పక్కన కూర్చుంది. అయ్యగారు వాక్యం చెప్పారు. పదకొండు నిమిషాల్లో ముగించారు. జనం అది ఇంకా పీఠికే అనుకుని సర్దుకుని కూర్చున్నారు. ఆయన నిజంగానే దిగిపోయేసరికి ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత ఫ్రిజ్ బ్రదర్‌ని పిలిచి, "మాస్టారికి కన్నకొడుకు లాంటివాడు" అని మైకు అతని చేతికిచ్చారు.

అతను భార్య వైపు చూశాడు. ఆవిడ గడ్డం చిన్నగా ఆడించింది.

"మొన్న కొట్లో మీకు అబద్ధం చెప్పాను" అన్నాడు. మైకు కీచుమంది. "మాస్టారి పుస్తకంలో నా గీత లేదు. నాలుగుసార్లు వెతికాను. మీరందరూ ఉన్నారు. ఆయన గొడుగు తీసుకెళ్లినవాడు కూడా ఉన్నాడు. నేను లేను. సాక్ష్యం చెప్పమన్నారు. నా దగ్గరున్న సాక్ష్యం ఇంతే. ఆయన నాకు తండ్రి. నేను ఆయనకి ఏమవుతానో నాకు తెలియదు."

బేకరీ అన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఎటు చూడాలో తెలియక అందరూ ఫ్యాన్ల వైపు చూశారు. మాస్టారి భార్య మాత్రం కూతురి వైపు వంగి, "ఏమంటున్నాడే?" అని అడిగింది. కూతురు చెవిలో చెప్పింది. ఆవిడ మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, తాను గుసగుసగానే మాట్లాడుతున్నానన్న నమ్మకంతో, మైకు అవసరం లేని గొంతుతో అడిగింది.

"నా పేరుందా అందులో?"

ఫ్రిజ్ బ్రదర్ తెల్లబోయాడు. ఆవిడ గీత కోసం అతనెప్పుడూ వెతకలేదు. అన్ని గీతలూ నోటికొచ్చినవే కాబట్టి మనసులోనే గబగబా తిప్పి చూశాడు.

"లేదమ్మా."

"ఇదిగో, మా అమ్మాయి పేరు?"

"లేదమ్మా."

"ఉండదు మరి! మర్చిపోతానేమోనని భయమున్నవాళ్లవే రాసుకునేవారు!"

ఈ మాట అందరి బుర్రల్లోకీ దిగడానికి కాస్త టైం పట్టింది. ముందు బేకరీ అన్నకి దిగింది. సగం లేచి నిలబడ్డాడు. "అంటే… అమ్మా, ఆయన నన్ను మర్చిపోయేవారా?"

"ఊరికే మర్చిపోయేవారు! రాసుకోకపోతే నువ్వు గుర్తే ఉండవనేవారు నాయనా!"

బేకరీ అన్న కూలబడ్డాడు. రెండు వారాలుగా పుస్తకంలో ఉన్నామని విర్రవీగుతున్న రెండు వందల ముప్పై ఒక్క గీతల మొహాలూ ఒక్కసారిగా వాడిపోయాయి. దర్జీ అక్కా, అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాలాకాలం తర్వాత ఒకే విషయం మీద నొచ్చుకున్నారు. ముందు వరసలో ట్యూషన్ టీచరమ్మ మొహం గంటు పెట్టుకుంది. అయ్యగారు జేబురుమాలు తీసి నుదురు అద్దుకున్నారు. ఎవరో ఒకరు నవ్వారు, నవ్వు వరసలు దాటుకుంటూ వెనక బెంచీల దాకా పాకింది.

ఫ్రిజ్ బ్రదర్ మాత్రం నవ్వలేదు. మైకు పక్కన పెట్టి, వేదిక దిగి, మాస్టారి భార్య కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నా గురించి అడిగేవారా అమ్మా?"

"రోజూను! గీతలన్నీ అయ్యాక పుస్తకం మూసేసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేవారు. అప్పుడు ఇంట్లోవాళ్లవి మొదలుపెట్టేవారు. నాది, అమ్మాయిది, నీది."

"నాకేం కావాలని అడిగేవారు?"

ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు చిట్లించింది. ఈసారి ఆవిడ గొంతు నిజంగానే తగ్గింది.

"నీకేమీ అడిగేవారు కాదు నాయనా. నీ పేరు చెప్పి కాసేపు ఊరుకునేవారు. నాది అమ్మాయిది చెప్పినంతసేపు పట్టేది ఆ ఊరుకోవడం. ఏం చెప్తున్నారండీ అని ఒకరోజు అడిగితే, ఏమీ లేదే, వాడు వచ్చాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాను, అన్నారు."

అతను ఆవిడ చేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పెద్దగానే ఏడ్చాడు, సహజంగానే పెద్ద గొంతు. భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అయ్యగారు ముగింపు ప్రార్థనకి లేచి, ఏదో చెప్పబోయి, మళ్లీ కూర్చున్నారు. కూడికకి వచ్చినవాళ్లందరూ అతని ఏడుపు తీరేదాకా కదలకుండా అతని చుట్టూ కూర్చున్నారు.